ఏనుగుబండ వెనక రాగిరేకు

మేఘశృంగ రాజ్యానికి తూర్పు సరిహద్దున రెండు నల్లకొండలు కొమ్ములు దించిన దున్నపోతుల్లా ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఆ రెంటి నడుమ ఇరుకు సందులోంచి నీలవేణి నది, పుట్టలోంచి బయటపడిన తాచులా ఒళ్ళు విరుచుకుంటూ, పొద్దుటి ఎండకు నెమలికంఠం రంగులో మెరుస్తూ పారుతుంది. ఏ కాలపు రాజు కట్టించాడో గాని, ఈ కొండనుంచి ఆ కొండకు ఒకే ఒక్క కమానుతో రాతివంతెన ఉంది. గట్లమీది మోదుగచెట్లు విరగబూసి, వంతెనకు రెండు కొసలా ఎవరో నిప్పు రాజేసినట్టు కనిపిస్తున్నాయి. అంత అందమైన ఉదయాన, ఆ వంతెన నడిమధ్య నుంచి, మేఘశృంగ యువరాజు అరిందముణ్ణి కాళ్ళకు బండరాయి కట్టి నదిలోకి విసిరేశారు.

విసరమన్నవాడు కాలజంఘుడనే మాంత్రికుడు. మనుషుల పేర్లు రాగిరేకు మీద రాసి వాళ్ళను రాళ్ళుగా మార్చడం అతని విద్య. పేరు కింద అతను గీసిన గీత అక్షరం తరవాత అక్షరం దాటి సాగుతూ ఉంటే, ఆ మనిషి ఒంట్లో పాదాల నుంచి రాయి పైకెక్కుతూ ఉంటుంది. గీత చివరి అక్షరం దాటితే ఇక మనిషి లేడు, శిలే. అరిందముడి తండ్రి హేమవర్మ మహారాజు రాజ్యం అప్పగించనన్నందుకు పదిరోజులుగా సింహాసనం మీదే రాయి అవుతున్నాడు. నిన్నటికి రాయి గుండెకు చేరింది. ఈ రోజు పొద్దుగూకేలోగా రేకుమీది పేరు చెరిగిపోకపోతే రాజు దక్కడని రాజగురువు లెక్కగట్టి చెప్పాడు.

అందుకే అరిందముడు పగటివేషగాడిలా ముఖానికి రంగులు పూసుకుని మాంత్రికుడి ఊరేగింపులో కలిశాడు. పల్లకీ వంతెన మధ్యకు రాగానే మీదికి దూకి అతని ఒడిలోని ఇనప భరిణె లాక్కున్నాడు. పెనుగులాటలో భరిణె చెయ్యిజారి పిట్టగోడ దాటింది. గాలిలో ఉండగానే మూత ఊడింది. భరిణె ఒక పక్క, జానెడు పొడవున్న రాగిరేకు ఒక పక్క, తళుక్కుమని మెరిసి నీళ్ళలో పడ్డాయి. పదిమంది భటులు యువరాజు మీద పడి రెక్కలు విరిచి పట్టుకున్నారు. పిట్టగోడ నుంచి ఊడదీసిన బండను తాడుతో అతని కాళ్ళకు బిగించారు. కాలజంఘుడు పల్లకీలోంచి దిగను కూడా దిగకుండా, రేకు కావాలన్నావుగా, వెళ్ళి వెతుక్కో అన్నాడు.

నీళ్ళు మొదట పచ్చగా ఉన్నాయి, తరవాత నీలమయ్యాయి, ఆపైన సిరాలా నల్లబడ్డాయి. బండ ముందు, తను వెనక. చెవుల్లో వంద డప్పులు మోగుతున్నట్టు హోరు. అడుగు ఇసకలో బండ మెత్తగా దిగబడింది. ఏరు అతణ్ణి గాలిపటంలా కిందివాలుకు లాగుతూ ఉంటే, తాడు చివర అతను వంగి ఊగుతూ, వేళ్ళతో ముడి విప్పబోయాడు. తడిసిన ముడి మరింత బిగుసుకుంది. గుండెల్లోని గాలి అయిపోవచ్చింది. తండ్రి ముఖం ఒక్కసారి కళ్ళముందు కదిలింది.

అంతలో ఆ చీకట్లోంచి ఒక ఆకారం, ముందే అనుకుని కలుసుకోవడానికి వచ్చినట్టు, వెతుకులాట లేకుండా తిన్నగా అతని దగ్గరికి దిగింది. పొట్టికత్తి ఒకటి తాడును రెండు కోతల్లో తెంచింది. గట్టి చెయ్యి ఒకటి అతని జుట్టు పట్టుకుంది. తరవాత అతనికేమీ తెలియలేదు.

కళ్ళు తెరిచేసరికి కొండచరియ కింద, నీటి అంచున ఒక గుహలాంటి మరుగులో పడి ఉన్నాడు. ఎదురుగా నలభై అయిదేళ్ళ స్త్రీ ఒకతె మోకాళ్ళ మీద కూర్చుని అతని వీపు రుద్దుతోంది. ఎండకు వానకు రాటుదేలిన సన్నని ఒళ్ళు, బిగించి కట్టిన గోచి చీర, నడుముకు గుల్లలు ఒలిచే కత్తి. ఆమె పేరు నూకాలు. ఆ రేవులో మునిగి గుల్లలు ఏరడం, పడవలవాళ్ళు జారవిడుచుకున్న వస్తువులు పైకి తీసిపెట్టడం ఆమె జీవనం.

అరిందముడు మాట పెగలగానే లేచి ఆమె పాదాలు పట్టుకున్నాడు. ఆమె కంగారుగా వెనక్కి జరిగింది. అంత లోతులో, అంత వడిలో తనను ఎలా కనిపెట్టిందని అతను అడిగాడు.

"ఎతికితే దొరికేవోడివి కాదు బాబూ," అంది నూకాలు. "అక్కడ లోతు ఏడు బారలు. రాయి కట్టిన మనిసి అడుక్కి సేరేలోపు ఏరు పది బారలు లాగుతాది, అంతకన్నా లాగలేదు. అందుకే వంతెన కింద సూడకుండా పదో బార కాడ దూకేను. బరువు తగ్గే కొద్దీ దిగడం ఆలిస్యం, ఆలిస్యమయ్యే కొద్దీ దూరం. నువ్వు పెద్ద బండతో దిగేవు కాబట్టి బతికిపోయేవు."

తన ప్రాణం తీయడానికి కట్టిన బండే తనను ఆమె చేతికి అప్పగించిందన్నమాట. అరిందముడు ఆ నదికీ, ఆ బండకూ కూడా మనసులో నమస్కరించాడు. మరుక్షణం అతనికి రేకు గుర్తొచ్చింది. పల్చటి రాగిరేకు. అది ఎంత ఆలస్యంగా దిగి ఉంటుంది, ఎంత దూరం పోయి ఉంటుంది? ఆమెకు సంగతంతా చెప్పాడు. తను ఎవరో కూడా దాచలేదు.

రాగిరేకు మాట వినగానే నూకాలు చేతులు ఆగిపోయాయి. ఆమె లేచి, అతణ్ణి చరియ మలుపు దాటించి రేవుకు తీసుకుపోయింది. అక్కడ, తాటాకు పాక ముందు, ఏటి ఒడ్డునే ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మెడ వరకు నల్లరాయి. మెడ పైన మాత్రం గుబురు మీసాలూ, కొంటెగా నవ్వే కళ్ళూ ఉన్న నిండు మనిషి. నూకాలు మొగుడు, ఆ రేవు పడవ నడిపిన గవరయ్య.

మూడేళ్ళ కిందట వరద పోటెత్తినప్పుడు కాలజంఘుడు నలభైమంది భటులతో వచ్చి అవతలికి దాటించమన్నాడు. ఇంత బరువుతో పడవ మునుగుతుంది, పదిమంది చొప్పున ఎక్కండి అన్నాడు గవరయ్య. అదే అతని నేరం. మాంత్రికుడు గీతను కావాలనే మెడ దగ్గర ఆపాడు, దారినపోయే వాళ్ళంతా ఇతని ఏడుపు వినాలని. గవరయ్య ఒక్కరోజూ ఏడవలేదు. వచ్చే పోయే వాళ్ళను పలకరిస్తూ, నూకాలు నోటికందించిన గంజి తాగుతూ, ఏటివంక చూస్తూ మూడేళ్ళు నిలబడ్డాడు. ఆ రాత ఎక్కడుందో గాని, దాన్ని చెరపవచ్చని గాని మొగుడూ పెళ్ళాలకు ఈ రోజు వరకు తెలియదు.

వంతెన కింద అప్పటికే కాలజంఘుడి మనుషులు వలలు దించి దేవుతున్నారు. రేకు ఎవరి చేతికైనా చిక్కితే తన విద్య మట్టిపాలవుతుందని అతనికీ తెలుసు. కాసేపటికి వాళ్ళకు భరిణె దొరికింది, వంతెనకు కాస్త దిగువన. ఖాళీ భరిణె. రేకూ అక్కడే ఉంటుందని వాళ్ళు అదే చోట తవ్వుతున్నారు.

నూకాలు పాకలోకి వెళ్ళి రాగిచెంబు తెచ్చింది. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పెట్టిన చెంబు అది. ఆ పాకలో రాగి అన్నది ఇంకేదీ లేదు. అరిందముడు వద్దనబోయాడు. ఆమె అప్పటికే దాన్ని బండమీద పెట్టి చితక్కొట్టి, కత్తితో కోస్తోంది. రేకు పొడవెంత, వెడల్పెంత, మందం ఎంత అని గుచ్చిగుచ్చి అడిగి, అలాంటివే నాలుగు ముక్కలు చేసింది. ఒకదాన్ని, ఒక గులకరాయినీ పట్టుకుని అతణ్ణి రేవు పక్కన రాళ్ళ మధ్య నిలవ ఉన్న మడుగు దగ్గరికి పిలిచింది. మడుగు లోతు మూడు బారలు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

గులకరాయి వదిలితే తిన్నగా దిగింది. అడుగు తాకేసరికి అతను మూడు లెక్కపెట్టాడు. తరవాత రేకు వదిలింది. అది ఎడమకు జారింది, ఆగింది, తూగుటుయ్యాలలా కుడికి జారింది, మళ్ళీ ఆగింది. నీరు కింద నుంచి దాన్ని అరచేత్తో మోస్తున్నట్టుగా ఉంది. అడుగు చేరేసరికి పదకొండు లెక్క అయింది.

లెక్క అరిందముడే కట్టాడు. మూడు బారలకు పదకొండైతే ఏడు బారలకు ఇంచుమించు ఇరవై ఆరు. నూకాలు ఎండుటాకు ఒకటి ఏట్లో వేసి చూపించింది. ఒక్కో లెక్కకు అది బారన్నర పోతోంది. అలాగైతే నలభై బారలకు ఒక్క బారే తక్కువ అని అతను అంటూ ఉండగానే గవరయ్య నవ్వాడు.

"పైనీరు పరిగెడతాది గాని అడుగునీరు నడుస్తాది దొరా. నా గెడ కొస ఎన్నిసార్లు చెప్పిందో నాకా మాట. ముప్పై బారలే ఏసుకోండి. ముప్పయ్యో బార కాడ ఏటుందో నూకాలికి తెలుసు."

అక్కడ నీటి అడుగున ఏనుగు పడుకున్నట్టు పెద్ద బండ ఉంది. దానికి తగిలిన నీరు రెండుగా చీలి, వెనక భాగాన తిరిగి వచ్చి మందగిస్తుంది. పైనుంచి కొట్టుకొచ్చిన తేలిక వస్తువులు ఆ మందపు నీళ్ళలో చిక్కి ఇసకమీద వాలతాయి. అయినా నూకాలు మాటమీదే నమ్మి ఊరుకోలేదు. మిగిలిన మూడు రేకులకూ సన్నని నారపోగులు కట్టి, వాటి చివర జొన్నబెండు ముక్కలు ముడేసింది.

అరిందముడు రంగులు కడుక్కుని, ఒళ్ళంతా మసి పూసుకుని, గోచి పెట్టుకుని, తలకు చేపలబుట్ట బోర్లించుకున్నాడు. వలలు దేవుతున్న భటుల మధ్య నుంచి నూకాలు పడవ నడిపించింది. ఎవరు వీడని ఒక భటుడు అడిగితే చెల్లెలి కొడుకనీ, చెవుడనీ, గుల్లలేరడానికి వచ్చాడనీ చెప్పింది. భటుడు పరీక్షకని వెనకనుంచి గట్టిగా కేకవేశాడు. అరిందముడు తల తిప్పలేదు, చెయ్యి తడబడలేదు. ఆ కేక వేసే వేళకే నూకాలు వంతెన నీడలో మూడు రేకులూ ఒకటొకటిగా నీళ్ళలో జారవిడిచింది.

బెండుముక్కలు మూడూ బాతుపిల్లల్లా వరసగా దిగువకు సాగాయి. మొదటిది ఏనుగుబండ వెనక ఆగి, నిలిచిన చోటే మెల్లగా తిరగసాగింది. రెండోది దానికి రెండు బారల అవతల ఆగింది. మూడోది మాత్రం ఆగలేదు. బండ పక్కగా దొర్లి, మలుపు తిరిగి కనబడకుండా పోయింది.  అసలు రేకు ఈ మూడింటిలో ఏ దారి పట్టిందో ఎవరు చెప్పగలరని అరిందముడు అడిగాడు. మూడింట రెండు మన వైపు ఉన్నాయి కదా, అంతకన్నా ఏరు ఎవరికీ మాట ఇవ్వదు అంది నూకాలు. అతను తలూపాడు. ఉదయం నుంచి ఆమె ఇస్తున్నవన్నీ అతను ఊహించని వరాలే.

రేవుకు తిరిగొచ్చి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆగారు. ఆ వేళప్పుడే ఏడు బారల అడుగుకూ కాస్త వెలుగు దిగుతుంది. పడవను ఏనుగుబండ మీదుగా నిలపాలంటే లంగరు ఒక్కటి చాలదు. పొడుగాటి కొబ్బరితాడు ఒకటి తీసి తన నడుముకే చుట్టమన్నాడు గవరయ్య. తనను కదిలించే ఏరు ఇంకా పుట్టలేదని, రాయి అయినందుకు ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం దొరికిందని అన్నాడు. అతని నడుముకు పడవను కట్టి, పడవకు యువరాజును మరో తాడుతో కట్టి, నూకాలు అతని చేతుల్లో, మునిగేవాళ్ళు బరువు కోసం పట్టుకునే దిగుడురాయి పెట్టింది. తనే దిగుతానని ఆమె పట్టుబట్టింది గాని, పొద్దున్నే అతని కోసం దిగిన దిగుడుకు ఆమె ముక్కులోంచి ఇంకా నెత్తురు వస్తూనే ఉంది. అరిందముడు ఆ మాటెత్తకుండా గుండెనిండా గాలి పీల్చి, రాయితో సహా నీళ్ళలోకి జారాడు.

నాలుగు బారలు దిగాడో లేదో, ఏదో తేడా తెలిసింది. రాయి మునుపటిలా లాగడం లేదు. నీళ్ళు చేతులకు జిగటగా తగులుతున్నాయి. బుడగ ఒకటి అతని ముక్కులోంచి వెలువడి, పైకి పోకుండా, తేనెలో చిక్కిన ఈగలా చెంప పక్కనే మెల్లగా కదిలింది. పైన వంతెన మీద కాలజంఘుడు ఏనుగుబండ దగ్గర ఆగిన పడవను చూశాడు. సంగతి గ్రహించాడు. గుప్పెడు బూడిద నదిలో చల్లి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అతను ఊపిరి బిగబట్టినంత సేపూ ఆ ఇరుకులోని నీరు ఆముదంలా చిక్కబడుతుంది.

ఏడు లెక్కల్లో చేరవలసిన చోటుకు ఇరవై లెక్కపెట్టినా అరిందముడు చేరలేదు. పైకి పోదామన్నా అదే జిగట. అడుగు కనిపిస్తోంది, అందడం లేదు. అప్పుడతను భయాన్ని పక్కకు నెట్టి, పొద్దున్న తన కాళ్ళకు కట్టిన బండ ఎంత వేగంగా దిగిందో తలచుకున్నాడు. బరువు ఎక్కువైతే దిగుడూ ఎక్కువ. కాని ఇంకో రాయి ఎక్కడిది?

పడవలో నూకాలికి కూడా అదే ఆలోచన వచ్చింది. గెడ నీళ్ళలో అంటుకుపోయి రాకపోవడం చూడగానే ఆమె లంగరురాయి ఊడదీసి, దాని తాడును యువరాజు తాడుకు ఉచ్చులా తగిలించి కిందికి వదిలింది. ఆ బరువు తాడు వెంటే జారుతూ వచ్చి అతని భుజానికి తగిలింది. అరిందముడు దాన్ని కౌగలించుకున్నాడు. కాళ్ళు దగ్గరగా చేర్చి, తల కిందికి పెట్టి, ఒళ్ళంతా ఈటెలా సన్నం చేసుకున్నాడు. జిగటనీరు ఈసారి దారి ఇచ్చింది. వంతెన మీంచి భటులు వేసిన బాణాలు నీళ్ళలో మూరెడు దిగి అక్కడికక్కడే, గోడకు దిగిన మేకుల్లా నిలిచిపోయాయి.

అడుగు చేరాడు. ఇసకమీద పాత తెడ్డు ముక్క, ఎవరిదో కాలికడియం, నూకాలు కోసిన రాగిముక్కలు రెండు, వాటికి అవతల బారెడు దూరంలో అక్షరాలతో నిండిన రేకు. చెయ్యి చాపాడు. అందలేదు. రొమ్ము పగిలిపోతోంది. ఆ జిగటలో ఒక్క బార ఈదడానికి తన దగ్గర గాలి లేదని అతనికి తెలిసిపోయింది.

ఆ సమయంలో పైన ఏం జరిగిందో అతనికి తరవాత నూకాలు చెప్పింది. మాంత్రికుడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడని ఆమె పడవలోంచి కేకేసింది. గవరయ్యకు కదిలేది నోరు ఒక్కటే. ఆ నోటితో అతను వంతెన అంతా మారుమోగేలా మాంత్రికుణ్ణి పలకరించాడు.

"ఏటి సామీ, ఊపిరి బిగబట్టేవు? మళ్ళీ కడుపులో తిప్పుతున్నాదా? నన్ను రాయి చెయ్యకముందు ఒకపాలి నా పడవలో కాలు పెట్టగానే కక్కుకున్నావు గదా, ఆ పలక నేను మూడు దినాలు తోమేను. మీ బంట్లకు చెప్పలేదా ఆ ముచ్చట?"

భటుల్లో ఎవరో కిసుక్కుమన్నాడు. పక్కవాడు నవ్వు ఆపుకోలేక విల్లు దించాడు. కాలజంఘుడి ముఖం కందగడ్డ అయింది. నోరు మూసుకోమని అరవడానికి అతను నోరు తెరిచాడు. బిగబట్టిన ఊపిరి బయటికి పోయింది.

అడుగున అరిందముడికి నీరు ఒక్కసారిగా పల్చబడింది. ఏటి వడి తిరిగి వచ్చింది. ఆ వడికి ఇసకమీది రేకు అంచు లేచింది, తళుక్కుమని పైకి ఎగిరి ఎడమకు జారింది. అతను దాని వెంట పడలేదు. ఎడమకు జారింది కుడికి వస్తుందని మడుగులో చూశాడు. కుడి పక్కన అరచెయ్యి పరిచి ఉంచాడు. రేకు ఆగింది, తూగింది, వెనక్కి జారి తిన్నగా అతని చేతిలో వాలింది. రాళ్ళు వదిలేసి తాడును మూడుసార్లు గుంజాడు.

నూకాలు అతణ్ణి పడవలోకి లాగి, గవరయ్య నడుముకు కట్టిన తాడు లాక్కుంటూ పడవను గట్టుకు తెచ్చింది. బాణాలు పడవ పక్కలకు గుచ్చుకుంటున్నాయి. రేవు దగ్గర చరియ అడ్డం ఉంది కాబట్టి అక్కడికి రాలేకపోయాయి. అరిందముడు దగ్గుతూ, వణుకుతూ రేకును ఎండలోకి ఎత్తి చదివాడు. ఎన్నో పేర్లు. వాటిలో గవరయ్య పేరు ఉంది, చివరి అక్షరానికి ముందు ఆగిన గీతతో సహా. అన్నిటికన్నా కింద హేమవర్మ పేరు. దాని కింది గీత చివరి అక్షరం అంచును తాకబోతూ, చూస్తుండగానే గింజంత ముందుకు పాకింది.

అతను తడి ఇసక పిడికెడు తీసి గవరయ్య పేరు మీద రుద్దసాగాడు. నూకాలు అతని చెయ్యి పట్టుకుంది.

"ముందు మీ నాన్నగారి పేరు సూడు బాబూ. మేం మూడేళ్ళు ఆగేం. ఇంకో గడియ ఆగలేమా?"

"అమ్మా, ఈ చెయ్యి ఇంకా ఆడుతోందంటే అది మీరిద్దరూ పెట్టిన భిక్ష," అన్నాడు అరిందముడు. "ఈ చేత్తో మొదట చెరపవలసిన పేరు ఇదే. మా నాన్నగారు ఇక్కడుంటే ఆయనా ఇదే చెయ్యమంటారు."

అక్షరాలు పాతవి, పైపైన గీసినవి. ఇసక రాపిడికి ఒకటొకటిగా అరిగిపోయాయి. చివరి అక్షరం మాయమవగానే గవరయ్య భుజాల మీద రాయి, ఎండిన బురద పెచ్చులూడినట్టు, ఊడిపడసాగింది. చేతులు వచ్చాయి. నడుము వచ్చింది. మోకాళ్ళు నిలవలేక అతను ముందుకు తూలాడు. నూకాలు అడ్డం వెళ్ళి పట్టుకుంది. మూడేళ్ళుగా తనే అతణ్ణి తాకింది గాని అతని చెయ్యి తన మీద పడలేదు. ఆ చెయ్యి ఇప్పుడు ఆమె తలమీద ఆనింది. అతని రొమ్ములో ముఖం దాచుకుని ఒక్క క్షణం అలా ఉండిపోయింది. అన్నేళ్ళు నవ్వుతూ గడిపిన గవరయ్యకు అప్పుడు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

అరిందముడు ముఖం పక్కకు తిప్పుకుని తండ్రి పేరు రుద్దాడు. ఇసకతో రుద్దాడు, గులకరాయితో గీకాడు, నూకాలు కత్తితో చెక్కాడు. ఒక్క పొల్లు కూడా అరగలేదు. రేకును సూర్యుడికి అడ్డం పట్టి చూస్తే అర్థమైంది. రాజు పేరును కాలజంఘుడు గీయలేదు, పొడిచాడు. అక్షరాల గుండా ఎండ ఇవతలికి వస్తోంది. రేకుకు పడిన చిల్లుల్ని ఏ ఇసకా చెరపలేదు.

కరిగించాలి, అన్నాడు గవరయ్య. నీలవేణి దిగువన మూడు ఆమడల్లో కంచరుల పల్లె ఉంది. రాత్రీ పగలూ ఆరని కొలుములు వాళ్ళవి. రాగి నీరైతే అందులో పేరు నిలవదు. కాకపోతే అక్కడికి ఏటి మీద పోవాలంటే, నీరు రాళ్ళ మీంచి కిందికి ఉరికే దూకుళ్ళు ఏడు దాటాలి. ఆ దూకుళ్ళలో పడవ నడిపినవాడు ఈ గట్టున తనొక్కడే.

కొత్తగా వచ్చిన కాళ్ళతో నిలబడనే లేని మనిషిని అంతటి ప్రమాదంలోకి దింపడానికి అరిందముడికి మనసొప్పలేదు. నడవవలసింది ఏరు గాని కాళ్ళు కాదని గవరయ్య అన్నాడు. పడవ వెనక పలకకు తనను నడుము దగ్గర కట్టెయ్యమన్నాడు. నూకాలు అప్పటికే కట్టేస్తోంది. ఎదురుగా కొండబాట మీద దుమ్ము లేచింది. కాలజంఘుడు ముప్పైమంది రౌతులతో దిగువకు, అదే పల్లెవైపు, గుర్రాలు దౌడు తీయిస్తున్నాడు. సూర్యుడు పడమటికి వాలడం మొదలుపెట్టాడు. రేకు మీద గీత మరో గింజంత కదిలింది.

పడవ రేవు వదిలింది. ముందు తెడ్డు పట్టుకుని నూకాలు, వెనక గెడ పట్టుకుని గవరయ్య, నడుమ గుండెలకు రేకును అదిమిపట్టుకుని అరిందముడు. మొదటి దూకుడు హోరు దగ్గర పడుతోంది. తుంపరలు ఇంద్రధనుస్సులై కళ్ళకు అడ్డుపడుతున్నాయి. పెద్దగా ఊపిరి తీసుకోమని నూకాలు వెనక్కి తిరగకుండానే చెప్పింది. అరిందముడు తీసుకున్నాడు. ఆ ఊపిరి ఉదయాన ఈ ఏటి అడుగునే అయిపోవలసింది. దాన్ని తనకు తిరిగి తెచ్చిపెట్టిన వాళ్ళిద్దరి నడుమ కూర్చుని, అతను పడవ ముక్కు గాలిలోకి లేవడం చూశాడు. కింద నేల లేదు, తెల్లటి నురుగు మాత్రమే ఉంది. గవరయ్య గెడ ఎత్తి, మూడేళ్ళకు మొదటిసారి పడవపాట అందుకున్నాడు. పడవ నురుగులోకి దూకింది.